రాగం తగ్గించి మాట నిలిపిన నటుడు: బళ్ళారి రాఘవ

(తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు ఒక గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, ఇప్పటికీ ముఖానికి రంగు వేసుకుంటున్న నటమిత్రులకు, ఇంత ఎండలోనూ శ్రమ అనుకోకుండా వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టిన రోజు. 1848లో ఆయన పుట్టిన ఈ తేదీనే మనం నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. సరిగ్గా ఇదే తేదీన, 1946లో, బళ్ళారి రాఘవ కన్నుమూశారు. ఏటా పంతులుగారి పటానికి దండ వేసి, నాలుగు మాటలు మాట్లాడి, కాఫీ తాగి వెళ్ళిపోతాము కాని, ఆ తేదీలోనే ఉన్న రెండవ మనిషి పేరు ఎత్తేవారు తక్కువ. అందుకని నాకు ఇచ్చిన సమయమంతా ఆ రెండవ ఆయనకే వినియోగిస్తానని నిర్వాహకులకు ముందే విన్నవించుకున్నాను. వారిద్దరికీ ఇంకొక చిత్రమైన లంకె కూడా ఉంది. పంతులుగారు రాజమహేంద్రవరంలో తమ విద్యార్థుల చేత తొలిసారి నాటకం ఆడించినది 1880లో. ఆ సంవత్సరమే ఆగస్టు 2న అనంతపురం సీమలోని తాడిపత్రిలో రాఘవ పుట్టారు. అంటే ఆధునిక తెలుగు రంగస్థలం, ఆయన ఒకే ఈడువారన్నమాట.

ఆయన గురించి చెప్పే ముందు నా సొంత అనుభవం ఒకటి చెప్పనివ్వండి. అది లేకపోతే రాఘవ దేనితో పెనుగులాడారో ఈ కాలపు పిల్లలకు బోధపడదు. నాకు తొమ్మిదేళ్ళ వయసులో మా ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. లోహితాస్యుడి వేషానికి దొరికినవాణ్ణి నేను. పాము కరిచేదాకా నాకు నాలుగు మాటలుండేవి, తరువాత నా పాత్ర అంతా చచ్చిపడి ఉండడమే. కాటిసీను వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. చంద్రమతి వేషం కట్టిన ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకుని విలపించడం మొదలుపెట్టాడు. సాయంత్రం నున్నగా గీసుకున్న గడ్డం అప్పటికి మొలకలెత్తి, ఆయన నా చెంపకు చెంప ఆనించినప్పుడల్లా గరగరలాడేది. హరిశ్చంద్రుడు వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. పద్యం నాలుగు పాదాలే కాని, రాగం దానికి పదింతలు. హార్మోనీ ఆయన పక్కతెర చాటునుంచి ఒక స్వరం అందించడం, ఈయన దాన్ని పట్టుకుని పైకి వెళ్ళడం, ఆయన ఇంకొక మెట్టు ఎక్కించడం, ఈయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మెట్టూ ఎక్కడం. జనం ‘వన్స్ మోర్’ అన్నారు. నా కాలి మీద దోమ వాలింది. మళ్ళీ అదే పద్యం, అదే రాగం. రెండవసారి కూడా వన్స్ మోర్ పడేసరికి శవాన్నైన నేను కాలు గోక్కున్నాను. ముందువరసలో కూర్చున్న మా మేనమామ తప్ప ఎవరూ గమనించలేదు. ఎందుకంటే అక్కడ పిల్లవాడు చచ్చిపోయాడన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు, పాడుతున్న ఆయనతో సహా.

పద్యనాటకాన్ని నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు. ఆ రాగాలు విని పెరిగినవాణ్ణి, ఇవాళ్టికీ మంచి పద్యం వినబడితే నడుస్తున్నవాణ్ణి ఆగిపోతాను. కాని పద్యం పాత్రకోసమా, పాత్ర పద్యంకోసమా అన్న ప్రశ్నను తెలుగు రంగస్థలం మీద గట్టిగా నిలబెట్టిన నటుడు రాఘవ. రాగం మాటను మింగకూడదని, భావం ఎక్కడ ఉంటే గొంతు అక్కడ ఉండాలని, వాచికానికి, అంటే పలికే మాటకు, ముఖం తోడు రావాలే తప్ప హార్మోనీ కాదని ఆయన తన నటనతోనే వాదించారు.

ఇందులోని చమత్కారం ఏమిటంటే, తెలుగు నాటకంలో పాటను ప్రవేశపెట్టినవారు స్వయానా ఆయన మేనమామ. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు బళ్ళారిలో ప్లీడరు, సరస వినోదిని సభకు ప్రాణం. ‘చిత్రనళీయం’ మొదలుకొని ఎన్నో నాటకాలు రాసి, ఆడించి, తామే వేషాలు కట్టి, ఆంధ్ర నాటక పితామహులని పేరు పొందారు. ‘విషాద సారంగధర’తో తెలుగు రంగస్థలానికి విషాదాంతాన్ని అలవాటు చేసినవారు కూడా ఆయనే. అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావుగారని ఇంకొక ప్లీడరు ఉండేవారు. ఆయనది సుమనోరమ సభ, ఆయన అభిమానం చరిత్ర మీద. ఈ రెండు సభల మధ్య పోటీ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చును. పగలు ఒకే కోర్టులో ఎదురెదురుగా నిలబడి వాదించుకునే ఇద్దరు పెద్దమనుషులు సాయంత్రం కాగానే చెరొక నాటకాన్ని తలకెత్తుకునేవారంటే, ఆ ఊరి గాలిలో ఏముండేదో మనకు అర్థమవుతుంది.

బళ్ళారి గురించి ఒక్క మాట. ఆనాడది మద్రాసు రాజధానిలోని జిల్లా కేంద్రం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే ఆ పట్టణం మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. కోర్టులో ఇంగ్లీషు, అంగట్లో కన్నడం, ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ వినబడే ఊరది. అటువంటి ఊళ్ళో పెరిగిన మనిషికి ఒకే భాషలో నటించాలన్న నియమం ఎందుకుంటుంది? రాఘవ తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో, హిందీలో నటించారు. మనం ఆయన్ను తెలుగు నటుడని సొంతం చేసుకుంటాము, కన్నడిగులు తమవాడంటారు. రెండూ నిజమే. తగవు పెట్టుకోవడానికి ఆయనేమీ పొలం గట్టు కాడు.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, ఆ ఊళ్ళోనే లా కళాశాలలో న్యాయశాస్త్రం చదివి, 1905లో ప్లీడరై బళ్ళారికి తిరిగి వచ్చారు. క్రిమినల్ కేసుల్లో గట్టి పేరు సంపాదించారు, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేశారు. ఈ ఉద్యోగ వివరాన్ని జీవితచరిత్రలు ఒక వాక్యంలో చెప్పి దాటిపోతాయి కాని, నాకు మాత్రం ఆయన నటనకు మూలం సగం అక్కడే ఉందనిపిస్తుంది. క్రిమినల్ కోర్టులో ప్లీడరు చేసే పని ఏమిటి? బోనులో నిలబడిన మనిషి మాట్లాడుతుంటే, ఆ మాటను కాక ఆ మాట వెనుక ఆగిన క్షణాన్ని పట్టుకోవడం. అబద్ధం చెప్పేవాడు గొంతు పెంచుతాడా, తగ్గిస్తాడా, కళ్ళు ఎటు తిప్పుతాడు, ఏ ప్రశ్నకు చేతులు కట్టుకుంటాడు, ఇవన్నీ రోజూ చూస్తూ పొట్టపోసుకునే వృత్తి అది. హంతకుణ్ణి, హత్యకు గురైనవాడి తల్లిని ఒకే గదిలో, ఒకే పూట చూసినవాడికి దుఃఖం రాగాలాపనగా కనిపించడం కష్టం.

కళాశాల రోజులనుంచి షేక్‌స్పియర్ ఆయనకు దగ్గరివాడు. బళ్ళారిలో షేక్‌స్పియర్ నాటకాల కోసం ప్రత్యేకంగా క్లబ్బు పెట్టుకుని ఆడారు. షైలాక్, ఒథెల్లో వేషాలు ఆయనకు పేరు తెచ్చినవి. ఇంగ్లీషు నాటకాల అలవాటు వల్ల ఆయనకు కలిగిన లాభం ఒకటుంది. అక్కడ పద్యమూ ఉంది, కాని దాన్ని పాడరు, పలుకుతారు. ఛందస్సు చెడకుండా, అర్థం విరక్కుండా, మనిషి మాట్లాడుతున్నట్లుగానే పద్యం చెప్పవచ్చునని ఆయనకు అక్కడ రూఢి అయింది. దాన్ని తెలుగు పద్యానికి తీసుకువచ్చారు. తెచ్చినప్పుడు జనం వెంటనే ఒప్పుకున్నారని అనుకోకండి. టికెట్టు కొన్నవాడికి రాగం కావాలి. రాగం లేని రాజును రాజుగా ఒప్పుకోని ప్రేక్షకులు మనవారు. అటువంటి ప్రేక్షకుల ఎదుట హిరణ్యకశిపుడుగా, దుర్యోధనుడుగా, హరిశ్చంద్రుడుగా, రామదాసుగా, పాటమీద ఆధారపడకుండా నిలబడి, వారిని కూర్చోబెట్టగలిగారు.

అన్నిటికంటె ఎక్కువగా చెప్పుకునేది పఠాన్ రుస్తుం వేషం. కోలాచలంవారు విజయనగర పతనాన్ని ఇతివృత్తంగా తీసుకుని రాసిన నాటకంలోది. అందులో విజయనగరాన్ని ఏలిన రామరాయల మీద పగతో రగిలే పాత్ర రుస్తుం. విజయనగరాన్ని కూల్చిన 1565 నాటి తళ్ళికోట యుద్ధం బళ్ళారివారికి పాఠ్యపుస్తకంలోని కథ కాదు, ఎందుకంటే హంపీ శిథిలాలు వారికి బండి దూరంలో ఉన్నాయి. ఆ శిథిలాలను చూసి వచ్చిన జనం ముందు, ఆ శిథిలాలకు కారణమైన పగను ఒక మనిషి ముఖంలో చూపించాలి. అది రాక్షసుడి వేషం కట్టి గద తిప్పినంత సులువు కాదు. చూసేవారికి వాడిమీద కోపం రావాలి, ఆ కోపం వచ్చిన మరుక్షణంలో వాడి పక్షాన కూడా ఒక న్యాయం ఉందేమోనన్న అనుమానం పుట్టాలి. రాఘవ రుస్తుం రంగస్థల చరిత్రలో నిలిచిపోవడానికి కారణం ఆ రెండవదేనని నేననుకుంటాను. ప్రతినాయకుణ్ణి మనిషిగా చూపించడం అప్పటికి మనకు కొత్త. చివరికి ఆ నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. గుర్తుంచుకోండి, ఆయన వేషం వేసినవాటిలో నిషేధానికి గురైనది ఇదొక్కటే కాదు. ఇంకొకదాని సంగతి తరువాత చెబుతాను.

ఇప్పుడు ఆడవేషాల విషయానికి వస్తాను. రాఘవ కాలంలో స్త్రీపాత్రలు చాలావరకు పురుషులే ధరించేవారు. దానిని ఒక మహావిద్యగా చేసిన స్థానం నరసింహారావుగారు ఆ కాలంలోనే వెలిగారు. 1902లో బాపట్లలో పుట్టి, సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా తెలుగునాడును ఊపివేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న నటుడాయన. ఆయన సత్యభామను చూసి ఆడవారు నడక నేర్చుకున్నారని చెప్పుకునేవారు. అటువంటి కళ కళ్ళెదుట ఉండగా, స్త్రీపాత్రను స్త్రీయే ధరించాలని పట్టుపట్టడానికి ధైర్యం కావాలి. రాఘవకు ఆ ధైర్యం ఉండింది. స్థానంవారి గొప్పతనాన్ని కాదనడం కాదిది. స్థానంవారు ఒక్కరే కదా, మిగిలిన ఊళ్ళన్నిటిలో మా చంద్రమతి వంటి గరుకు చెంపలే కదా! అంతకంటె ముఖ్యంగా, పురాణ స్త్రీని ఎంత మంచి నటుడైనా ఊహించి అభినయించవచ్చును కాని, పక్కింట్లో కాపురం చేస్తున్న స్త్రీని ఊహించి అభినయిస్తే అది వెక్కిరింతగా మారే ప్రమాదం ఉంటుంది. సాంఘిక నాటకం రావాలంటే స్త్రీ రంగస్థలం మీదికి రావలసిందే.

సురభివంటి వృత్తి సమాజాల్లో స్త్రీలు మొదటినుంచీ ఉన్నారు. ఆ కుటుంబాలకు నాటకమే ఇల్లు. ఇబ్బంది అంతా చదువుకున్న, ఉద్యోగస్థుల ఇళ్ళ స్త్రీల విషయంలోనే. ఆ గడప దాటించడానికి రాఘవ చాలా ప్రయాసపడ్డారు. కొమ్మూరి పద్మావతీదేవిగారు ఆయన పక్కన నటించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పి.వి. రాజమన్నార్ గారు రాసిన ‘తప్పెవరిది’ అనే సాంఘిక నాటకాన్ని రాఘవ 1930 ప్రాంతంలో స్త్రీపాత్రలు స్త్రీలే ధరించగా ప్రదర్శించారు. ఆ రాజమన్నార్ గారే తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు. చూశారా, మళ్ళీ ప్లీడరే! తెలుగు నాటకానికి కోర్టు చేసిన మేలు మీద ఎవరైనా పరిశోధన చేస్తే బాగుంటుందని నా మనవి. ఆ నాటకంలో కిరీటాలు లేవు, గదలు లేవు, పద్యాలు లేవు. భార్యాభర్తలు ఉన్నారు, కుర్చీలు ఉన్నాయి. కుర్చీలో కూర్చుని మాట్లాడడం తెలుగు నటుడికి ఎంత కష్టమో వేషం వేసినవారిని అడగండి. నిలబడితే చేతులకు పని ఉంటుంది, పాడితే గొంతుకు పని ఉంటుంది, కూర్చుని మాట్లాడాలంటే మనసుకు పని ఉండాలి.

1927లో గాంధీగారు అనారోగ్యంతో బెంగళూరు ప్రాంతంలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు రాఘవ హిందీలో ‘దీనబంధు కబీర్’ ప్రదర్శించగా ఆయన చూశారు. 1928లో రాఘవ ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి నాటకశాలలు చూశారు, బెర్నార్డ్ షాను కలిశారు, ఐరోపాలో తిరిగారు. ఈ భాగాన్ని నేను త్వరగా దాటిస్తున్నాను. షా ఏమన్నాడు, ఫలానా దొర ఎలా మెచ్చుకున్నాడు అన్నవి మన సభల్లో ఎక్కువగా వినబడతాయి. దొర మెచ్చుకుంటేనే మన నటుడు గొప్పవాడని నమ్మే అలవాటు మనకు ఇంకా పోలేదు. ఆయన గొప్పతనానికి సాక్ష్యం కావాలంటే బళ్ళారిలో, గుంటూరులో, తెనాలిలో, నేల టికెట్టు కొని చూసినవారు సాక్ష్యం.

రాఘవ నాటకాన్ని జీవనోపాధి చేసుకోలేదు. ప్లీడరుగిరీలో సంపాదించినది నాటకాలకు ఖర్చుపెట్టారే కాని నాటకాలవల్ల గడించలేదు. దీన్ని త్యాగంగా కీర్తిస్తారు. త్యాగమే, సందేహం లేదు. కాని ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కోర్టులో చేతినిండా పని ఉన్న మనిషి కాబట్టే ఆయనకు జనం వన్స్ మోర్ అన్నా అనకపోయినా లెక్కలేకపోయింది. సాయంత్రం వసూలైన డబ్బుతో రేపటి బియ్యం కొనుక్కోవలసిన నటుడికి రాగం తగ్గించే స్వేచ్ఛ ఎక్కడిది? నాటకం పెట్టించే కాంట్రాక్టరు ఊరుకుంటాడా? ఆనాటి వృత్తినటులు రాగం లాగారని మనం చిన్నచూపు చూస్తే అది అన్యాయం. వారు లాగినది రాగాన్ని కాదు, కుటుంబాన్ని. ఔత్సాహికుడైన రాఘవ తనకున్న వెసులుబాటును వృథా చేయకుండా ప్రయోగానికి వినియోగించుకున్నారు, అది ఆయన ఘనత. అందరికీ ఆ వెసులుబాటు ఉండదన్నది వేరే నిజం. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఆయన్ను పూజిస్తాము కాని అర్థం చేసుకోలేము.

సినిమా సంగతి. 1932 ఫిబ్రవరిలో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చింది. ఆ మొదటి రోజుల్లో నాటకాలను ఎత్తుకెళ్ళి కెమెరా ముందు పెట్టేవారు. నటులు నాటకాలవారు, పాటలు నాటకాలవి, ఎవరి పాట వారే పాడాలి, గొంతు కూడా చివరి వరుసకు వినబడే నాటకాల గొంతే. మైకు మూరెడు దూరంలో ఉన్నా అరిచేవారు, ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా అరిచి అలవాటు. సినిమాకు కావలసినది సరిగ్గా రాఘవ నేర్పిన విద్య: తక్కువ గొంతు, నిదానమైన మాట, ముఖం చేసే పని. అటువంటి మనిషికి సినిమా ఎంత ఇచ్చిందో తెలుసా? మూడంటే మూడు చిత్రాలు.

మొదటిది 1936లో వచ్చిన ‘ద్రౌపదీ మానసంరక్షణం’. అందులో ఆయన దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. అప్పటికి రాఘవకు యాభై ఆరేళ్ళు. దురదృష్టం ఏమిటంటే, అదే ఏడాది అదే కథతో ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ పోటీగా వచ్చింది. అందులో కన్నాంబ ద్రౌపది, సి.యస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు, యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు. జనం రెండవదానికి పట్టం కట్టారు. రాఘవ చిత్రం నిలబడలేదు. ఇద్దరు దుర్యోధనులూ రంగస్థలంలో కాకలు తీరినవారే. పౌరాణికాన్ని పౌరాణికంగా, నిండు గొంతుతో ఇచ్చినవారి వైపు ప్రేక్షకుడు మొగ్గాడంటే ఆశ్చర్యపోనక్కరలేదు. ఆయన మూడవ చిత్రం ‘చండిక’ 1940లో వచ్చింది, అది కన్నాంబ సినిమా.

ఈ రెండింటి మధ్య 1939లో వచ్చినదే ‘రైతుబిడ్డ’. దీని దగ్గర కొంచెం ఆగుతాను. గూడవల్లి రామబ్రహ్మంగారు అంతకు ముందటి ఏడాది ‘మాలపిల్ల’ తీసి, అంటరానితనం మీద సినిమా తీయవచ్చునని నిరూపించారు. రెండవ సినిమాకు రైతును తీసుకున్నారు. కాలాన్ని గుర్తు తెచ్చుకోండి. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ నాయకుడైన బొబ్బిలి రాజా తన సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ఆధ్వర్యంలో జమీందారీల మీద విచారణ సంఘం ఊరూరా తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. ఎన్.జి. రంగాగారి రైతు ఉద్యమం జోరుగా సాగుతున్నది. అటువంటి వేళ, జమీందారు నిలబెట్టిన మనిషికి కాకుండా రైతుల అభ్యర్థికి ఓటు వేయాలని పట్టుబట్టి కష్టాలపాలైన నర్సిరెడ్డి అనే రైతు కథ తీశారు. నర్సిరెడ్డి రాఘవ. జమీందారు వేషం గిడుగు రామమూర్తి పంతులుగారి కుమారులు సీతాపతిగారిది. టంగుటూరి సూర్యకుమారి ఉన్నారు, కొమ్మూరి పద్మావతీదేవిగారూ ఉన్నారు. కొసరాజుగారి రైతు పాటలు ఊళ్ళలో పాకిపోయాయి.

ఈ పాత్ర ఎంపికను నేను చాలాసార్లు తలచుకున్నాను. ఒక పెద్ద ప్లీడరు, షేక్‌స్పియర్‌ను ఇంగ్లీషులో ఆడిన మనిషి, విలాయతీ వెళ్ళివచ్చినవారు, యాభై తొమ్మిదేళ్ళ వయసులో తలపాగా చుట్టుకున్న రైతుగా నిలబడ్డారు. కిరీటం పెట్టుకుంటే సగం నటన కిరీటమే చేస్తుంది. తలపాగా ఏమీ చేయదు. కచేరీ మెట్లమీద చేతులు కట్టుకుని నిలబడిన రైతులను ముప్పై ఏళ్ళపాటు తన కక్షిదారులుగానూ, సాక్షులుగానూ చూసినవారు ఆయన. శిస్తు కట్టలేని మనిషి ఎక్కడ చూస్తాడో, ఎంత మాట్లాడతాడో, ఏ మాట మింగుతాడో ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. దుర్యోధనుడి సినిమాలో అక్కరకు రాని విద్య, నర్సిరెడ్డి దగ్గర అక్కరకు వచ్చింది.

ఆ సినిమాను జమీందారులు ఓర్వలేకపోయారు. వెంకటగిరి, బొబ్బిలి వారు అడ్డుపడ్డారు, కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధానికి గురైంది. ఇందులో నవ్వుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ చిత్రం తీసిన సారథి సంస్థకు అండగా ఉన్నది మరెవరో కాదు, చల్లపల్లి జమీందారు. జమీందారు పెట్టుబడితో జమీందారీ మీద సినిమా తీసి, ఇంకొక జమీందారు చేత ఆపించుకున్న ఘనత మన తెలుగువారిదే! ఏమైనా, రుస్తుం ఒకసారి, నర్సిరెడ్డి ఒకసారి, రాఘవ నటించిన రెండు కథలు ప్రభుత్వానికో ప్రభువులకో కంటగింపు అయ్యాయి. కిరీటాలు పెట్టుకుని ఎంత అరిచినా ఏ ప్రభువుకూ కోపం రాదు. మామూలు గొంతుతో మామూలు మనిషి మాట్లాడితేనే వస్తుంది.

ఆయన సినిమాల్లో ఎందుకు కొనసాగలేదని కొందరు విద్యార్థులు నన్ను అడిగారు. వయసు ఒక కారణం, బళ్ళారిలో వృత్తి ఇంకొక కారణం. మద్రాసులో మకాం పెట్టి, నిర్మాతల గుమ్మం ముందు కూర్చునే మనిషి కాదాయన. ఇక నా అభిప్రాయం అడిగితే, ఆయన పదిహేనేళ్ళు ముందు పుట్టారు. ఆయన పోయిన రోజుల్లోనే ఎస్.వి. రంగారావు తెరమీద అడుగుపెట్టారు. ఆయనా కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు తరఫున షేక్‌స్పియర్ ఆడి వచ్చినవారే. గొంతు ఎత్తకుండా భయపెట్టడం, ఒక్క కనురెప్ప వాల్చి సీనును తనవైపు లాక్కోవడం ఆయన చేస్తే తెలుగు ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు. గురుశిష్యులని నేననడం లేదు. దారి ఒకటేనంటున్నాను. ఆ దారిలో ముందు నడిచిన మనిషికి మైకు సరిగా లేదు, కెమెరా కదల్లేదు, ప్రేక్షకుడు సిద్ధంగా లేడు.

ఆడవేషాల వాదం మాత్రం ఆయన కళ్ళముందే తేలిపోయింది, అదీ ఆయన ఊహించని చోట. కెమెరా ముఖానికి దగ్గరగా జరిగేసరికి పురుషుడి ఆడవేషం నిలవలేదు. రంగస్థలం మీద యాభై గజాల దూరంనుంచి సత్యభామగా లోకాన్ని ఏలిన స్థానంవారికి సినిమా ఆ సింహాసనం ఇవ్వలేకపోయింది. కన్నాంబ, కమలాబాయి నాటకాలనుంచి వచ్చి అక్కడ నిలబడ్డారు. ఎన్ని ఉపన్యాసాలిచ్చినా లొంగని సమాజం ఒక యంత్రానికి లొంగింది. స్థానంవారికి అది అన్యాయమే చేసింది. ఒక మహావిద్య ఒక తరంలో చూస్తుండగానే అడుగంటిపోయింది. ఆ నష్టాన్ని కూడా తలచుకోవడం న్యాయం.

1946 ఏప్రిల్ 16న రాఘవ పోయారు. 1981లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. బళ్ళారిలో ఆయన పేరిట కళామందిరం ఉంది. ఒకసారి పనిమీద ఆ ఊరు వెళ్ళినప్పుడు అక్కడికి పోయాను. ఆ సాయంత్రం ప్రదర్శన ఏమీ లేదు. తెర ఎత్తి ఉంది, వేదిక మీద ఒక కుర్రవాడు ఒంటరిగా ఏదో కన్నడ నాటకంలోని మాటలు వల్లె వేసుకుంటున్నాడు. కింద కూర్చున్న పెద్దాయన ఒకరు తెలుగులో, ‘అంత గట్టిగా వద్దురా, నాకు వినబడుతూనే ఉంది’ అన్నారు. కుర్రవాడు గొంతు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను చివరి వరుసలో కూర్చున్నాను. అక్కడికీ వినబడింది.

నమస్కారం.